ఎముక అతికింది, మరి చెయ్యి ఎందుకు తిరగదు?

మణికట్టు విరిగి ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఎక్స్-రే తీశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "బాగా సెట్టయిందమ్మా, ఎముక అతుక్కుంటోంది" అన్నారు. ఇంటికొచ్చిన ఆ తల్లి మాత్రం నిండు గ్లాసు ఎత్తలేకపోతోంది. అరచెయ్యి పైకి తిప్పి చిల్లర అందుకోలేకపోతోంది. జడ కూడా కోడలే వేయాలి. చీలమండ విరిగి ప్లేటు వేయించుకున్న వాళ్లదీ ఇదే కథ. ఎక్స్-రేలో అంతా చక్కగా ఉంటుంది. సాయంత్రానికి మాత్రం పాదం వాచిపోతుంది, మెట్టు దిగాలంటే గుండె జారుతుంది.

ఇక్కడ ఎక్స్-రే అబద్ధం చెప్పలేదు, ఒళ్లూ అబద్ధం చెప్పడం లేదు. ఎక్స్-రేకు కనిపించేది ఎముక ఒక్కటే. దాన్ని చుట్టుకుని ఉండే స్నాయువులు, కీలు తిత్తి, కండరాలు, నరాలు, వాటన్నిటినీ నడిపించే మెదడు ఆ ఫిల్ములో పడవు. ఎముక అతకడం ఒక పని, చెయ్యో కాలో తిరిగి మన పనికి రావడం ఇంకో పని. మొదటిది సర్జన్ చేతిలో మొదలై శరీరం తనంతట తాను పూర్తి చేసుకుంటుంది. రెండోది పూర్తి కావాలంటే సరైన సమయానికి, సరైన మోతాదులో కదలిక మొదలవ్వాలి. మన ఇళ్లలో చాలామంది నష్టపోతున్నది ఈ రెండో దగ్గరే.

## ఈ రెండు కీళ్లే ఎందుకు?

కాలు జారి పడేటప్పుడు ఎవరైనా చేతులు చాస్తారు. అరచెయ్యి నేలకు తగిలి, ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముక రేడియస్. దాని చివరి రెండు మూడు సెంటీమీటర్ల మేర గట్టి పైపొర పలచగా, లోపలంతా గుల్లగుల్లగా ఉంటుంది. ఎక్కువగా విరిగేది అక్కడే. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లోనే దీన్ని వర్ణించాడు. ఎక్స్-రేలు కనిపెట్టింది 1895లో. అంటే ఆయన చేత్తో తడిమి, వంకరను చూసి పోల్చుకున్నాడన్నమాట. అందుకే ఇప్పటికీ దాన్ని కోలిస్ ఫ్రాక్చర్ అంటారు.

చీలమండ సంగతి వేరు. మోకాలి కింద ఉండే టిబియా, ఫిబులా అనే రెండు ఎముకల చివర్లు చెరో పక్క కిందికి దిగి ఒక గూడు కడతాయి. చీలమండకు అటూ ఇటూ చేతికి తగిలే గుబ్బలు ఆ చివర్లే. ఆ గూట్లో టేలస్ అనే పాదం ఎముక కూర్చుని, నడిచినప్పుడల్లా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. బండి జారినా, గుంటలో కాలు పడి పాదం మెలిక తిరిగినా ఈ గూడు గోడలు విరుగుతాయి, గూడు వదులవుతుంది.

ఎంత వదులైతే ప్రమాదం? మృతదేహాల కాళ్ల మీద పరీక్షించి ర్యామ్సే, హామిల్టన్ 1976లో చెప్పిన లెక్క ఆర్థోపెడిక్ విద్యార్థులందరికీ తెలుసు. టేలస్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, రెండు ఎముకలు ఒకదానికొకటి ఆనుకునే వైశాల్యం 42 శాతం తగ్గిపోతుంది. మామూలుగా నడిచేటప్పుడే చీలమండ మీద శరీర బరువుకు నాలుగైదు రెట్ల ఒత్తిడి పడుతుంది. అంత ఒత్తిడీ సగం చోటులో పడితే మృదులాస్థి తొందరగా అరిగిపోతుంది. గూడు కదిలిపోయినప్పుడు సర్జన్లు ఆపరేషన్ చేద్దామనేది ఇందుకే.

## ప్లేటు చేసే పని, చెయ్యని పని

"ప్లేటు వేశారు కదా, ఇక ఎముక గట్టిపడ్డట్టే" అని చాలామంది అనుకుంటారు. ఇంటికి స్లాబు వేయడం చూసినవాళ్లకు అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది. స్లాబుకు బలం సెంట్రింగ్ చెక్కలూ పోట్లూ ఇవ్వవు. కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని ఉండాల్సిన మట్టంలో నిలబెడతాయి, అంతే. శరీరంలో ప్లేటూ స్క్రూలూ చేసేది సెంట్రింగ్ పనే. విరిగిన ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచుతాయి. గట్టిపడాల్సింది మన ఎముకే. అది ఎప్పటికీ గట్టిపడకపోతే, ఎంత ఖరీదైన ప్లేటైనా నెలల తరబడి వంగీ వంగీ చివరికి విరుగుతుంది, లేదా స్క్రూలు ఊడతాయి.

ఎముక గట్టిపడే తీరు అంచెలంచెలుగా సాగుతుంది. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. తొలి వారంలో వాపు, వేడి, నొప్పి వస్తాయి. చెత్తను ఎత్తేసే కణాలూ, కొత్త రక్తనాళాలూ అక్కడికి చేరుతున్నాయని వాటి అర్థం. రెండు మూడు వారాలకు అక్కడ మెత్తటి మృదులాస్థి జిగురు తయారవుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అందులో కాల్షియం చేరి గట్టి ఎముకగా మారుతుంది. అటుపైన అవసరం లేని చోట తొలగించుకుంటూ, బరువు పడే చోట చేర్చుకుంటూ శరీరం దాన్ని చెక్కడం నెలలు, ఏళ్లు సాగుతుంది.

ఎముక నేరుగా గట్టిగా పుట్టక, మెత్తగా మొదలవ్వడం ఎందుకు? స్విట్జర్లాండ్ పరిశోధకుడు స్టీఫన్ పెరెన్ దీనికి చక్కటి జవాబిచ్చాడు. మొదట ఏర్పడే మెత్తటి కణజాలం తన పొడవుకు రెండింతలు సాగినా తెగదు. మృదులాస్థి పది శాతం దాకా ఓర్చుకుంటుంది. ఎముక మాత్రం రెండు శాతానికి మించి సాగదీస్తే విరిగిపోతుంది. కాబట్టి ముక్కల మధ్య కదలిక ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడ ఎముక పుట్టలేదు. మెత్తటిది పుట్టి, కదలికను కాస్త తగ్గించి, తర్వాత దానికంటే గట్టిదానికి చోటిస్తుంది. ముక్కల్ని ప్లేటు బాగా పట్టి ఉంచితే ఈ మధ్య అంచెలు చాలావరకు తప్పుతాయి. అందుకే ప్లేటు వేసిన ఎముక చుట్టూ ఎక్స్-రేలో పెద్ద గుబ్బ కనిపించకపోయినా కంగారు పడనక్కర్లేదు.

స్లాబు పోలిక ఇంతవరకే పనికొస్తుంది. కాంక్రీటు గట్టిపడేదాకా దాని మీద ఎవరూ నడవకూడదు. ఎముక సజీవ పదార్థం. తన మీద పడే బరువును బట్టి అది తన్ను తాను మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. ఎముకలో సన్నటి కాలువలుంటాయి. బరువు పడ్డప్పుడల్లా వాటిలోని ద్రవం కదులుతుంది. అక్కడ కాపురముండే కణాలు ఆ కదలికను పసిగట్టి, కొత్త ఎముక కట్టమని కబురు పంపుతాయి. బరువే పడకపోతే ఆ కబురూ ఉండదు. వాడని ఎముకను శరీరం మెల్లగా కరిగించేస్తుంది.

## 'కదపకు' అన్న అలవాటు ఎక్కడిది?

పిండికట్టును ఇప్పుడు మనమెరిగిన రూపంలోకి తెచ్చినవాడు మాథిసెన్ అనే డచ్ సైనిక వైద్యుడు, 1850ల తొలినాళ్లలో. యుద్ధభూమి నుంచి గాయపడ్డవాళ్లను తరలించడానికి అది వరప్రసాదమైంది. కాలో చెయ్యో దక్కడమే గొప్ప అనుకున్న రోజుల్లో, వారాల తరబడి కదపకుండా ఉంచడమే వైద్యం అయింది. మనకు పుత్తూరు కట్టు తరాలుగా తెలుసు. వెదురు బద్దలు కట్టి ఎముకను నిలిపి ఉంచడమే అందులోనూ మూలసూత్రం. ప్లేట్లు లేని కాలంలో ఎముకను నిలబెట్టడానికి బయటి కట్టు తప్ప వేరే దారి లేదు. అది తీసేదాకా కదపకూడదనడం అప్పటికి సబబే.

ఆ విశ్రాంతికి ఎంత మూల్యం చెల్లించాలో తర్వాత తెలిసొచ్చింది. ఎముక అతికేది. కానీ కీలు బిగుసుకుపోయి, కండ కరిగి, చర్మం పలచబడి, ఎముకలో సున్నం తగ్గి, మనిషి అవిటిగా మిగిలేవాడు. 1958లో కొందరు స్విస్ సర్జన్లు ఏఓ అనే బృందంగా ఏర్పడ్డారు. ఈ అవస్థను వాళ్లు ఒక జబ్బుగానే లెక్కగట్టి, 'ఫ్రాక్చర్ జబ్బు' అన్నారు. ఆపరేషన్ చేసి ఎముకను లోపలే గట్టిగా బిగిస్తే, కీళ్లను తొందరగా కదిలించవచ్చన్నది వాళ్ల ఆలోచన. ప్లేటు పుట్టిందే కదలడం కోసం. ప్లేటు వేయించుకుని కూడా ఇంట్లో రెండు నెలలు చెయ్యి కదపకుండా కూర్చుంటే, ఆపరేషన్ వల్ల రావలసిన లాభంలో చాలా భాగం వదులుకున్నట్టే.

## కదలని కీలులో ఏం జరుగుతుంది?

వాపు. గాయమైన చోట ద్రవం చేరుతుంది. మామూలుగా కండరాలు ముడుచుకున్నప్పుడల్లా ఆ ద్రవాన్ని పైకి తోస్తుంటాయి. కదలిక ఆగితే అది అక్కడే నిలిచిపోతుంది. నిలిచిన ద్రవంలోని ప్రొటీన్లు స్నాయువుల చుట్టూ అంటుకుని, వాటిని పక్కనున్న కణజాలానికి అతికించేస్తాయి. మణికట్టు విరిగితే వేళ్లు బిగుసుకుపోవడానికి పెద్ద కారణం ఇదే. వేళ్లకు దెబ్బే తగలలేదు, అయినా బిగుసుకుంటాయి.

కీలు తిత్తి. కీలు చుట్టూ ఉండే పొర వాడకపోతే మడతలు అంటుకుని కుంచించుకుపోతుంది. మొదటి వారాల్లో ఇది మెత్తగా ఉంటుంది, కొద్దిపాటి వ్యాయామంతోనే సాగుతుంది. నెలలు గడిచాక గట్టి మచ్చగా మారుతుంది. అప్పుడు దాన్ని సాగదీయడం రోగికీ కష్టం, ఫిజియోథెరపిస్టుకూ కష్టం.

మృదులాస్థి. కీలు లోపలి నున్నటి పొరకు రక్తనాళాలు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి ఆహారం. నొక్కుడు పడి, వదిలినప్పుడు ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలిక లేకపోతే ఆ పొర పస్తులుంటుంది.

కండ. ఆరోగ్యవంతులైన మగవాళ్ల కాలును రెండు వారాలు కట్టిపెట్టి డెన్మార్క్ పరిశోధకులు చూశారు. కుర్రవాళ్లు కాలి బలంలో దాదాపు మూడోవంతు కోల్పోయారు, పెద్దవయసువాళ్లు నాలుగోవంతు. తర్వాత ఆరు వారాలు సైకిల్ తొక్కించినా ఆ బలం పూర్తిగా తిరిగి రాలేదు. పోవడానికి పట్టినంత కాలంలోనే రావడం జరగదని దీని సారాంశం.

> బాక్స్: కట్టు చేతికి, మార్పు మెదడుకు
>
> కుడిచెయ్యి దెబ్బతిని కనీసం రెండు వారాలు కట్టులో ఉన్న పదిమంది మెదళ్లను స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ పరిశోధకులు స్కాన్ చేసి 2012లో వివరాలు ప్రకటించారు. కుడిచేతిని నడిపించే మెదడు భాగం పలచబడింది. పనంతా మీద పడ్డ ఎడమచేతి భాగం మందంగా మారింది. చెయ్యి వాడకం ఆగితే మెదడు తన పటం తానే మార్చుకుంటోందన్నమాట.
>
> దీనికి విరుగుడు కూడా మెదడులోనే ఉంది. అమెరికాలోని ఒహైయో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతుల మణికట్టుకు నాలుగు వారాలు కట్టు వేశారు. కొందరిని మామూలుగా వదిలేశారు. కొందరిని మాత్రం వారానికి అయిదు రోజులు, మణికట్టును బలంగా వంచుతున్నట్టు మనసులో ఊహించుకోమన్నారు. చెయ్యి కదపలేదు, ఊహ మాత్రమే. కట్టు విప్పాక చూస్తే మొదటి వాళ్లకు 45 శాతం బలం తగ్గింది, ఊహించుకున్నవాళ్లకు 24 శాతమే తగ్గింది.
>
> కెనడాలో మణికట్టు విరిగిన 39 మంది మహిళలతో ఇంకో పరిశోధన జరిగింది. అందరూ 50 దాటినవాళ్లే. వాళ్లలో కొందరు బాగున్న చేతితో పిడికిలి వ్యాయామం చేశారు. పన్నెండు వారాలకు వాళ్ల విరిగిన చేతి పట్టు మిగతావాళ్లకంటే గట్టిగా ఉంది. ఇరవై ఆరు వారాలకు తేడా పోయింది. అంటే చివరి ఫలితం అదే అయినా, అక్కడికి ముందుగా చేరారు. ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా ఈ రెండు పద్ధతులనూ ఎవరైనా పాటించవచ్చు.

## చీలమండ: ఎప్పుడు కాలు మోపాలి?

చీలమండ ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు పాదం నేలకు తాకకూడదని చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. బరువు పడితే ప్లేటు కదులుతుందేమో, గాయం తెరుచుకుంటుందేమో అన్నదే భయం. ఆ భయం ఎంతవరకు నిజమో తేల్చడానికి బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో 561 మందితో ఒక పెద్ద పరీక్ష చేసి, 2024లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. సగం మంది ఆపరేషన్ అయిన రెండు వారాలకే కాలు మోపడం మొదలుపెట్టారు. మిగతా సగం ఆరు వారాలు ఆగారు. నాలుగు నెలలకు చూస్తే, తొందరగా కాలు మోపినవాళ్లు ఏ విధంగానూ వెనకబడలేదు. సమస్యలు కూడా రెండు వైపులా దాదాపు సమానంగానే వచ్చాయి.

ఈ ఫలితం విలువ ఆ నాలుగు వారాల్లో ఉంది. ఆటో నడిపే మనిషికి, కూలికి వెళ్లే మనిషికి, చంటిబిడ్డ తల్లికి నెలరోజుల ముందే కాలు నేల మీద పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పాలా? అయితే అందరికీ ఒకే గడువు సరిపోదు. టిబియా, ఫిబులాలను కలిపి ఉంచే లిగమెంటు కూడా తెగితే, ఎముక బాగా గుల్లబారి ఉంటే, సుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయి ఉంటే సర్జన్ ఇంకా ఆగమంటారు. అందుకే మోపాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకునే విషయం కాదు. కానీ "నేనెప్పటి నుంచి మోపవచ్చు?" అని అడగడం ప్రతి రోగికీ ఉన్న హక్కు.

"కొంచెం బరువు మోపండి" అంటే ఎంత? ఇక్కడే చాలామంది తడబడతారు. దీనికి ఫిజియోథెరపిస్టులు చెప్పే ఉపాయం తేలికైనది. బరువు తూచే మిషను నేలమీద పెట్టండి. దాని పక్కన అంతే ఎత్తు పీట వేసి, బాగున్న కాలు దాని మీద పెట్టండి. చేతుల్తో వాకర్ పట్టుకుని, ఆపరేషన్ అయిన పాదాన్ని మిషను మీద ఆనించండి. మెల్లగా ఒత్తుతూ ముల్లు చూడండి. డాక్టరు పది కిలోలు అని ఉంటే ముల్లు పదికి చేరగానే ఆగండి. ఆ ఒత్తిడి అరికాలికి ఎలా తెలుస్తోందో గుర్తు పెట్టుకోండి. నాలుగైదుసార్లు చేశాక మిషను చూడకుండా చేసి, తర్వాత ముల్లు చూడండి. నడిచేటప్పుడు అదే లెక్క. రెండు రోజుల్లో కాలికి ఆ బరువు పట్టుబడుతుంది, మనసుకు భయం తగ్గుతుంది. పక్కన ఎవరైనా నిలబడి ఉండటం మాత్రం మరవకండి.

## మణికట్టు: వేళ్లతో మొదలు

మణికట్టు కథలో ఇంకో మలుపుంది. గత పాతికేళ్లలో అరచేతి వైపు నుంచి వేసే లాకింగ్ ప్లేట్లు బాగా వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు సన్నటి వైర్లు గుచ్చి, పైన పిండికట్టు వేసేవారు. ఖరీదైన ప్లేటు వేస్తే చెయ్యి ఇంకా బాగుపడుతుందా? బ్రిటన్‌లో 461 మందితో జరిగి, 2014లో వెలువడిన డ్రాఫ్ట్ అనే పరీక్ష జవాబు చెప్పింది. ముక్కల్ని బయటి నుంచే సరిచేయగల ఫ్రాక్చర్లలో, ఏడాది తర్వాత వైర్లు వేయించుకున్నవాళ్ల చెయ్యీ ప్లేటు వేయించుకున్నవాళ్ల చెయ్యీ ఒకేలా పనిచేశాయి. కీలు లోపలికి చీలిక వెళ్లి, బయటి నుంచి సరిచేయడానికి వీలుకాని వాటికి ప్లేటు కావలసిందే. అది వేరే సంగతి.

ప్లేటు వేశాక మణికట్టును ఎప్పుడు కదపాలి అన్నదాని మీద కూడా పరిశోధనలున్నాయి. అమెరికాలో 60 మందిని రెండుగా విడదీశారు. ఒక జట్టు రెండు వారాల్లోపే మణికట్టు వ్యాయామం మొదలుపెట్టింది, ఇంకోటి ఆరు వారాలు ఆగింది. మూడు నెలలకు, ఆరు నెలలకు రెండు జట్ల చేతులూ సమానంగానే ఉన్నాయి. మరికొన్ని పరిశోధనల్లో ముందు మొదలుపెట్టినవాళ్లు తొలి వారాల్లో ముందుండి, చివరికి ఇద్దరూ కలిశారు. కాబట్టి మణికట్టు విషయంలో పరుగు పందెం అక్కర్లేదు, సర్జన్ చెప్పిన రోజున మొదలుపెడితే చాలు.

వేళ్లు, మోచెయ్యి, భుజం మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు. వాటికి ఆపరేషన్ అయిన రోజు నుంచే పని చెప్పాలి. వేళ్లన్నీ పూర్తిగా చాచాలి. తర్వాత వేలి కొనలు అరచేతిని తాకేదాకా ముడవాలి. సగం ముడిచి చాలించుకుంటే ప్రయోజనం తక్కువ. బొటనవేలి కొనతో మిగతా నాలుగు వేళ్ల కొనల్నీ ఒక్కొక్కటిగా తాకాలి. గంటకు పదిసార్లు, మెలకువగా ఉన్నంతసేపూ. చెయ్యి గుండెకంటే ఎత్తులో దిండు మీద ఉంచాలి. మెడకు తగిలించిన సంచిలో రోజంతా చెయ్యి వేలాడేస్తే వాపు తగ్గదు, పైగా భుజం పట్టేస్తుంది. రోజుకు నాలుగుసార్లయినా చేతిని తల పైకి పూర్తిగా ఎత్తాలి.

## మిషన్లు ఎన్ని, సెషన్లు ఎన్ని?

రోజూ ఫిజియోథెరపీ సెంటరుకు తిరిగే స్తోమత లేదని దిగులుపడే కుటుంబాలకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. చీలమండ ఫ్రాక్చర్‌కు కట్టు విప్పిన 214 మందితో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. కొందరికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామ కార్యక్రమం పెట్టారు. కొందరికి ఏం చేయాలో ఒక్కసారి బాగా వివరించి, ఇంట్లో చేసుకోమని పంపారు. నడకలోనూ, జీవన నాణ్యతలోనూ పర్యవేక్షణ వల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఫిజియోథెరపీ దండగ అని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఆ రెండో జట్టుకు కూడా ఫిజియోథెరపిస్టే కూర్చోబెట్టి వివరించాడు. బాగుపడని కీలును, విపరీతమైన నొప్పిని, పనిలోకి పోవడానికి కావలసిన బలాన్ని చూడటానికి ఆ నిపుణుడు కావాల్సిందే. మామూలుగా కోలుకుంటున్న మనిషికి మాత్రం వేడి దీపాలు, కరెంటు మిషన్లకంటే రోజూ ఇంట్లో చేసే సరైన వ్యాయామమే ముఖ్యం.

## మన నేల, మన పీట, మన పథ్యం

విదేశీ వ్యాయామ పుస్తకాలు కుర్చీ నుంచి లేవడం దాకా చెప్పి ఆగుతాయి. మన బతుకు నేలమీద నడుస్తుంది. చదును నేలమీద నడవడానికి పాదం పైకి పది డిగ్రీలు వంగితే దాదాపు సరిపోతుంది. గొంతుకు కూర్చోవాలంటే అంతకు రెండు మూడు రెట్లు వంగాలి. నాట్లు వేసే మనిషికి, దేశీ మరుగుదొడ్డి వాడే మనిషికి ఆ వంపు లేకపోతే నడక వచ్చినా బతుకు రాలేదు. అలాగే బట్టలు పిండటానికి, నేలమీద అరచెయ్యి ఆనించి లేవడానికి, తాళం తిప్పడానికి, అన్నం కలిపి ముద్ద నోటికి అందించడానికి మణికట్టు ఒక్కో తీరుగా తిరగాలి. మీ పని ఏమిటో, ఇంట్లో మీరెలా కూర్చుంటారో ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. ఆ పనులకే తయారుచేయమని అడగండి.

పథ్యం దగ్గర మాత్రం మనం మారాలి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని ఆపరేషన్ అయిన మనిషికి చారూ అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, అదుపులో లేని సుగర్ వల్ల. ఎముకకు మొదట కావలసిన చట్రం ప్రొటీన్‌తోనే తయారవుతుంది, కాల్షియం ఆ తర్వాత దానిమీద చేరుతుంది. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, మాంసం ఈ సమయంలోనే ఎక్కువ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లోనే 340కి పైగా ఉంటుంది. బొమికల సూపు తాగితే తాగండి, అందులో కాల్షియం తక్కువే. ఎండ తగలని వాళ్లలో విటమిన్ డి లోపం మన దగ్గర చాలా ఎక్కువ. డాక్టరు రక్తపరీక్ష చేసి చెబితే మాత్రలు వాడాలి.

పొగాకు ఏ రూపంలో ఉన్నా ఎముకకు శత్రువే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. విరిగిన చోటికి రక్తం చేరకపోతే అతుకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు పడదు. బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

సుగర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. అలాంటివాళ్లలో గాయం మానడం ఆలస్యమవుతుంది. నరాలు దెబ్బతింటే పాదం నొప్పి కూడా చెప్పదు. నొప్పి లేదని నడిస్తే లోపల ప్లేటు ఊడుతున్నా తెలియదు. వాళ్లకు కట్టు, జాగ్రత్త మామూలు వాళ్లకంటే దాదాపు రెట్టింపు కాలం కావాలని సర్జన్లు అనేది ఇందుకే.

ఆపరేషన్ అయిన చోట మాలిష్ చేయించడం, పసరు కట్టడం, పైన ఇంకో బిగువు కట్టు వేయించడం వద్దు. లోపల ప్లేటు ఎముకను పట్టే ఉంది. బయటి బిగువు వల్ల దొరికేదల్లా రక్తప్రసారానికి అడ్డంకి.

> బాక్స్: ఇవి కనిపిస్తే ఆగకండి
>
> • మాత్రలు వేసినా తగ్గక గంటగంటకూ పెరిగే నొప్పి, వేళ్లు కదిపితే భరించలేనంత బాధ, తిమ్మిరి, వేళ్లు నీలంగా మారడం: కండరాల లోపల ఒత్తిడి పెరుగుతోందేమో. గంటల్లో ఆసుపత్రికి చేరాలి.
>
> • పిక్క వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి: కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు.
>
> • జ్వరం, గాయం నుంచి చీము, పెరిగే ఎరుపు.
>
> • వారాల తర్వాత బొటనవేలు హఠాత్తుగా వంగకపోవడం లేదా లేవకపోవడం: స్నాయువు తెగి ఉండవచ్చు.
>
> • మంటలాంటి నొప్పి, తాకితేనే ఓర్చుకోలేకపోవడం, చర్మం మెరుస్తూ రంగు మారడం, ఒక్క చెయ్యే చెమట పట్టడం: నరాల వ్యవస్థ అతిగా స్పందించే జబ్బు ఇది. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మంచిది. ఇందులో కూడా చెయ్యి వాడుతుండటమే చికిత్సలో ముఖ్యభాగం.

## మొదటి ఫ్రాక్చర్ ఆఖరిది కావాలంటే

యాభై దాటిన మహిళ నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే, దాన్ని కాలు జారిన పాపంగా సరిపెట్టుకోకూడదు. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు గుల్లబారుతున్నాయని అది చెప్పే మొదటి మాట కావచ్చు. ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మళ్లీ ఎక్కడైనా విరిగే అవకాశం ఇంచుమించు రెట్టింపు. ఆ రెండోది తుంటి ఎముక అయితే మనిషి మంచాన పడే ప్రమాదం ఉంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1999లో ఒక ఏర్పాటు మొదలైంది. ఫ్రాక్చర్‌తో వచ్చిన పెద్దవయసు రోగుల్ని వదిలిపెట్టకుండా ఎముక సాంద్రత పరీక్ష చేసి, అవసరమైన మందు మొదలుపెట్టేదాకా వెంటపడే నర్సుల బృందం అది. తర్వాత చాలా దేశాలు ఆ పద్ధతి తీసుకున్నాయి. మన దగ్గర కూడా అమ్మకు మణికట్టు కట్టు విప్పిన రోజునే ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష గురించి అడగాలి.

## ఇంటికి పంపేముందు

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో, ఆ తర్వాతి పథకాలతో ఆపరేషన్ పేదవాళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది. అది పెద్ద మేలు. ఆ మేలు పూర్తి కావాలంటే ఆపరేషన్ గది తలుపు దాటాక ఏం చేయాలో కూడా రోగికి అందాలి. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు ఉంటాయి, మళ్లీ రావలసిన తేదీ ఉంటుంది. వేళ్లు ఎన్నిసార్లు ముడవాలో, కాలు ఎన్ని కిలోలు మోపాలో చాలాసార్లు ఉండదు. ఉన్నా ఇంగ్లీషులో ఉంటుంది. ఆసుపత్రులు ఒక్క పేజీ తెలుగులో రాసి ఇస్తే, ప్లేటుకు పెట్టిన డబ్బు అంతా ఫలిస్తుంది.

ఆ కాగితం వచ్చేదాకా రోగి, ఇంటివాళ్లు ఈ అయిదు ప్రశ్నలు అడిగి, జవాబులు రాయించుకోవాలి. ఈ రోజు నుంచే ఏ కీళ్లు కదపాలి? ఆపరేషన్ అయిన కీలును ఏ తేదీ నుంచి కదపాలి? బరువు ఎప్పటి నుంచి, ఎంత? ఎలాంటి నొప్పి మామూలు, ఎలాంటిది ప్రమాదం? నా పనిలోకి నేనెప్పుడు వెళ్లగలను?

చాలామందికి మూడు నెలలకు రోజువారీ పనులు చేతికొస్తాయి. బలం, వాపు, ఒడుపు సర్దుకోవడానికి ఏడాది పట్టవచ్చు. వ్యాయామం చేశాక వచ్చి రాత్రికల్లా తగ్గే నొప్పికి భయపడనక్కర్లేదు. మర్నాటికీ తగ్గని నొప్పి వస్తే మోతాదు తగ్గించి, డాక్టరుకు చెప్పాలి. విరిగిన మనిషిని ప్రేమగా చూసుకోవడమంటే గ్లాసు నోటికి అందించడమేనని మనం అనుకుంటాం. డాక్టరు సరేనన్న రోజు నుంచి ఆ గ్లాసును ఆమె చేతికే ఇచ్చి, ఎత్తేదాకా పక్కన నిలబడాలి. కోలుకోవడానికి ఇంటివాళ్లు చేయగల సాయాల్లో దానికి మించినది లేదు.